ఆయన బాగానే ఉన్నారు

ఆ గుండె ఆసుపత్రిలో ఆమెను అందరూ ఫోనక్క అనే పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. పదహారేళ్లు వార్డులో నర్సుగా పరుగులు పెట్టి, మోకాలు అరిగిపోయి నిలబడలేని పరిస్థితి వచ్చాక, ఆమెను రెండో అంతస్తులో మెట్ల పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒక బల్ల, ఒక ఫోను, గోడ పొడుగునా ఇనుప బీరువాలు. కిటికీ తెరిస్తే అంబులెన్సులు కడిగే చోటు కనిపించేది.

పని వింటే తేలికే. గుండెకు రక్తం మోసుకెళ్లే నాళాల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయి, నెలల తరబడి అలాగే ఉండిపోయిన మనుషులు కొందరుంటారు. సగం మూసుకున్న నాళంలోకి తీగ పంపడం వేరు, చుక్క రక్తం కూడా పారని నాళంలోకి పంపడం వేరు. గోడలోంచి దారి తొలిచినట్టు గంటలకొద్దీ పడుతుంది. దారి దొరికితే స్టెంటు పెడతారు. దొరక్కపోతే మాత్రలిచ్చి పంపిస్తారు. అలాంటివాళ్లు మూడువందల పన్నెండు మంది. పదేళ్ల తర్వాత వీళ్లలో ఎంతమంది ఉంటారు, ఉన్నవాళ్లు ఎలా ఉంటారు, దారి తెరుచుకున్నవాళ్లు తెరుచుకోనివాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతారా అన్నది పెద్ద డాక్టరు గారు తేల్చాలనుకున్న విషయం. దానికోసం ప్రతి మనిషికీ నెలకొకసారి, ఆరునెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి ఫోన్ చేసి ఆరు ప్రశ్నలు అడగాలి. ఛాతీలో నొప్పి వస్తోందా? ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? ఆయాసముందా? మళ్లీ ఆసుపత్రిలో చేరారా? పనికి వెళ్తున్నారా? మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా?

ఇంట్లో ఆమె భర్త, బస్సు కండక్టరు, ఈ ప్రశ్నలతో ఆటపట్టించేవాడు.

"ఊళ్లోవాళ్లందరినీ ఛాతీలో నొప్పుందా అని అడుగుతావు. పెళ్లై ఇరవయ్యేళ్లయింది, నన్నొక్కసారైనా అడిగావా?"

"నీకు నొప్పెందుకొస్తుంది? ఏదైనా మనసుకు పట్టించుకుంటేగా!"

ఎవరైనా పోతే అవతలివాళ్లు చెప్పేవారు. ఆమె తేదీ, కారణం రాసుకుని, ఓదార్పుగా రెండు మాటలు చెప్పి, ఆ కాగితాలు కింది అరలో పెట్టేసేది. ఇక ఆ నంబరుకు ఫోన్ చేసే పని ఉండదు. కానీ గొంతులు పోయేవి కావు. ఆగి ఆగి మాట్లాడే లెక్కల మేష్టారు, ప్రతి జవాబుకీ ముందు దగ్గే పెయింటరు, వీళ్లు ఏ కూర తరుగుతున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో ఉన్నట్టుండి ఆమె చెవిలో పలికేవారు. అలవాటైపోయింది. భయపడేది కాదు.

ఎనభై ఏడో నంబరు కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. స్టెంటు వేసేనాటికి నలభై తొమ్మిదేళ్లు. తీగ దూర్చడానికి నాలుగు గంటలు పట్టిన కేసు. మొదటి నెలలో, ఆరో నెలలో ఆయనే ఫోనెత్తాడు. ఏడాది నిండినప్పటినుంచీ ఆయన భార్య ఎత్తేది. పెద్ద గొంతు, తడబాటులేని మాట. "ఆయన బాగానే ఉన్నారు సిస్టర్" అని మొదలుపెట్టి ఆరింటికీ వరసగా జవాబు చెప్పేది. వెనక ఎక్కడో మిషన్ టకటకా ఆడుతూ వినిపించేది. ఫోనక్క దాన్ని వింటూనే "పనికి వెళ్తున్నారు" అని రాసుకునేది.

మిగతావాళ్ల ఇళ్లలో "ఆఁ, బానే ఉన్నాడు" అని పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఈవిడ అలా కాదు. అడగనివీ చెప్పేది. నాలుగో ఏడు, దగ్గర చూపు తగ్గిందనీ, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లజోడు పెట్టుకుంటున్నారనీ చెప్పింది. ఆరో ఏడు, రెండంతస్తులు ఎక్కుతారుగానీ దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయంది. తన మోకాలు గుర్తొచ్చి ఫోనక్కకు ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. వేడినీళ్ల కాపడం ఎలా పెట్టాలో పది నిమిషాలు చెప్పింది. మరుసటి ఏడు అడిగితే, "మీరు చెప్పినట్టే చేశాం సిస్టర్, చాలా నయం" అంది ఆవిడ. "సార్‌కి ఒకసారి ఫోనివ్వండమ్మా" అంటే మాత్రం స్నానానికి వెళ్లారనో, ఏదో ఫ్యాక్టరీలో మిషన్లు చూడ్డానికి వెళ్లారనో వచ్చేది. పనిమంతుడు కదా, నిజమేననుకుంది ఫోనక్క.

పదో ఏడు ఫోను సరిపోదు. మనిషే వచ్చి ఈసీజీ తీయించుకోవాలి, గుండె స్కాను చేయించుకోవాలి. అందరికీ ఉత్తరాలు వెళ్లాయి. ఎనభై ఏడో నంబరు రాలేదు. ఫోన్ చేస్తే "వస్తారు సిస్టర్, ఈ వారం ఊపిరాడని పని" అంది భార్య. రెండోసారీ అంతే. మూడోసారి ఎవరూ ఎత్తలేదు.

"దగ్గరేగా ఆ వీధి, నేనే వెళ్లి తీసుకొస్తాను" అంది ఫోనక్క పెద్ద డాక్టరు గారితో.

మధ్యాహ్నం మూడింటికి వెళ్లింది. పుస్తకాల కొట్టు పక్కన సగం దించిన షట్టరు. లోపల పది పదిహేను మిషన్లు, కొన్ని తలలు విప్పి, కొన్ని వెల్లకిలా. మిషన్ నూనె వాసన గుమ్మంలోనే తగిలింది. ముప్ఫై ఏళ్ల అమ్మాయి ఒకతె, జుట్టుకు గుడ్డ కట్టుకుని, చిన్న టార్చి పళ్ల మధ్య పట్టుకుని ఒక మిషన్ కడుపులో స్క్రూ తిప్పుతోంది.

"మెకానిక్ గారున్నారామ్మా?"

అమ్మాయి టార్చి తీసింది. "నేనేనండీ మెకానిక్కుని. మిషన్ తెచ్చారా?"

"మీరు కాదమ్మా. మీ నాన్నగారు."

"నాన్న పోయి తొమ్మిదేళ్లు దాటిందండీ. మీరు పాత కస్టమరా?"

ఫోనక్క చేతిలోని ఫైలును గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. పొరపాటున వేరే కొట్టుకొచ్చాననుకుంది. బయటికెళ్లి బోర్డు చూసి మళ్లీ లోపలికొచ్చింది.

"నేను ఆసుపత్రి నుంచమ్మా. ఏటా ఫోన్ చేస్తుంటాను. మీ నాన్నగారు ఎలా ఉన్నారని..."

"ఏటానా?" అమ్మాయి లేచి నిలబడింది. "ఎవరు మాట్లాడుతున్నారు మీతో?"

వెనక గదికి వేసిన గుడ్డ తెర కదిలింది. "సిస్టర్," అంది ఒక గొంతు. ఫోనక్కకు ఆ గొంతు తొమ్మిదేళ్లుగా తెలుసు. మనిషిని చూడ్డం అదే మొదలు. అంత పెద్ద గొంతుకు ఇంత చిన్న మనిషా అనిపించింది.

కూతురు తల్లివంక చూసింది. "అమ్మా, ఏంటిది?"

"నువ్వు కాసేపు బయట కూర్చోవే."

"కూర్చోను. చెప్పు."

ఆ అమ్మాయి వింటుండగానే చెప్పింది ఆవిడ. చెక్కబల్ల మీద కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, ఫోన్లో చెప్పినంత వరసగానే చెప్పింది.

ఎనిమిదో నెలలో ఆయనకు దవడ పన్ను పీకారు. రక్తం ఆగలేదు. రెండు రోజులు తలగడ ఎర్రగా అయ్యేది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలవల్లే ఇదంతా అని ఈవిడకు తోచింది. గుండె బాగైపోయింది కదా, మిషన్లు మోస్తున్నాడు, మెట్లు ఎక్కుతున్నాడు, కొన్నాళ్లు ఆపితే ఏమవుతుంది అనుకుంది. రెండు రకాల మాత్రలూ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. ఆయన అడిగితే "చిగురు మానేదాకా వద్దు" అంది. ఆయన ఎదురు చెప్పలేదు. మాత్రలంటే మొదటినుంచీ ఆయనకు విసుగే. వారం అనుకున్నది రెండు వారాలు దాటింది. పదిహేడో రోజు ఒక బట్టల ఫ్యాక్టరీలో, మిషన్ల వరసల మధ్య, చేతిలో స్క్రూడ్రైవరుతోనే కూలబడిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.

"అది జరిగిన మూడు నెలలకు మీరు ఫోన్ చేశారు. ఆయన పోయారని చెబుదామనే ఎత్తాను సిస్టర్. ఎలా పోయారంటారు, మాత్రలు మానేశారా అంటారు. ఏం చెప్పను? నోట్లోంచి బాగానే ఉన్నారని వచ్చేసింది. మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదని కూడా చెప్పాను. మరుసటి ఏడు నిజం చెబితే ముందు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది కదా. ఆ తర్వాత..." ఆవిడ ఆగింది. "ఆ తర్వాత మీ ఫోన్ రావడానికి నెల ముందునుంచే ఆలోచించుకునేదాన్ని. ఈ ఏటికి ఆయన ఎలా ఉండేవారా అని. యాభై మూడేళ్లకు చూపు తగ్గుతుంది కదా, కళ్లజోడు పెట్టాను. వాళ్ల నాన్నకు మోకాళ్లు పట్టేసేవి, ఈయనకూ వచ్చేవే అనుకున్నాను. మీరు కాపడం చెప్పారు. ఆ రోజు నిజంగానే నీళ్లు కాచాను సిస్టర్."

కూతురు గోడవైపు తిరిగి అంది, "నాకు అంబులెన్సు ఆలస్యమైందని చెప్పావు. తొమ్మిదేళ్లు ఆ డ్రైవర్ని తిట్టుకున్నాను నేను."

ఫోనక్క ఏం చెప్పి వచ్చేసిందో తనకే తెలియదు. తర్వాతి రోజు ఉదయం కాగితం సరిచేయడానికి బీరువాలోంచి ఎనభై ఏడో ఫైలు తీసింది. తొమ్మిది ఏళ్ల కాగితాలు, అన్నీ తన చేతిరాతే. పనికి వెళ్తున్నారు. రెండంతస్తులు. కళ్లజోడు. మోకాళ్లు. మనిషి పోయాక కాగితాల మీద ముసలివాడవుతూ వచ్చాడు, తన చేతిమీదుగానే.

వెనక్కి తిప్పుతూ పోతే ఆరో నెల కాగితం వచ్చింది. ఆయనే మాట్లాడినది. ఆరు ప్రశ్నలకూ మంచి జవాబులే. అంచున ఖాళీలో పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: "పన్ను నొప్పి అంటున్నారు. పీకించుకోవాలట."

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయింది. మోకాలు సహకరించక మళ్లీ కూర్చుండిపోయింది. రాసింది తనే. సందేహం లేదు, ఆ వంకర 'ట' తనదే. మరి ఆయనకేం చెప్పింది? డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపొద్దని చెప్పిందా? ఆ ఒక్క మాట చెప్పేంత నర్సుతనం తనలో ఉండాలి, పదహారేళ్లు వార్డులో చేసిన మనిషి. చెప్పిందో లేదో ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. పన్ను సంగతి ఆరు ప్రశ్నల్లో లేదు. ఆ రోజు ఇరవై ముప్ఫై ఫోన్లు ఉండి ఉంటాయి. "సరేనండీ, ఇంకేమైనా ఉందా?" అని ఉంటుంది. అలాగే అని ఉంటుంది, ఎందుకంటే అందరితోనూ అలాగే అనేది.

ఆ తర్వాత పది రోజులు ఆమె సరిగ్గా అన్నం తినలేదు. పోయినవాళ్ల గొంతులు వినబడటం కొత్త కాదు. ఈ గొంతు మాత్రం వినబడేది కాదు. అదే ఆమెను తినేసింది. ఆరో నెలలో ఆయన ఎలా మాట్లాడాడు, నవ్వాడా, పన్ను గురించి చెప్పి తన సలహా కోసం ఒక్క క్షణం ఆగాడా? చెవులు రిక్కించి కూర్చునేది. మిషన్ టకటకలే వచ్చేవి. ఆ మిషన్ తొక్కింది ఆయన కూతురు.

ఇంకో అనుమానం పట్టుకుంది. ఇంకెంతమంది ఇలా కాగితాల మీదే బతికున్నారో! పదో ఏటి పరీక్షకు ఇంకా రానివాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేసి, మనిషి గొంతు వింటేగానీ పెట్టేది కాదు.

"నేను బతికే ఉన్నానని నీకెలా నిరూపించాలమ్మా? మా ఆవిణ్ణి తిట్టి వినిపించనా?" అన్నాడొక పెద్దాయన.

"తిట్టి చూడు, ఇప్పుడే పోతావు!" అని వెనకనుంచి ఆవిడ అరిచింది.

ఫోనక్క నవ్వి, ఫోను పెట్టేసి, ఏడ్చింది. అందరూ ఉన్నారు. లేనిది ఎనభై ఏడో నంబరు ఒక్కడే.

భర్తకు చెప్పింది. "ఆ కాగితం సంగతి ఆవిడకు తెలియాల్సిన పనేముంది? నీ కడుపులో పెట్టుకో" అన్నాడు ఆయన.

"ఆవిడ కడుపులో పెట్టుకునేగా తొమ్మిదేళ్లు ఇలా అయింది."

రెండోసారి వెళ్లినప్పుడు కూతురు లేదు, మిషన్ విడిభాగాలు కొనడానికి వెళ్లిందట. ఫోనక్క ఆ కాగితం తీసి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ వెలుతురులోకి పట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇది మీరు రాశారా?"

"నేనే. ఆయన నాతో చెప్పారు. మాత్రలు ఆపొద్దని నేను చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. డాక్టరు గారికైతే కచ్చితంగా చెప్పలేదు."

ఆవిడ కాగితం మడత పెట్టలేదు, తిరిగీ ఇవ్వలేదు.

"అంటే మీకూ తెలుసు," అంది.

"తెలిసీ పట్టించుకోలేదు."

"ఇన్నాళ్లూ ఇదంతా నా ఒక్కదాని మీదే ఉందనుకున్నాను సిస్టర్." ఆ మాటలో తేలికదనం ఉందో కోపముందో ఫోనక్కకు అంతుబట్టలేదు. తిట్టినా బాగుండుననుకుంది. ఆవిడ తిట్టలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని, "మీ డాక్టర్ని ఒక మాట అడగాలి నేను" అంది.

మరుసటి సోమవారం పెద్ద డాక్టరు గారి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. ఆయన ఫైలంతా చదివాడు. పెన్సిల్ రాత దగ్గర ఆగి ఫోనక్క వంక చూసి, మళ్లీ చదివాడు.

"మాత్రలు ఆపడంవల్లే పోయారా?" అని ఆవిడ సూటిగా అడిగింది.

"కావొచ్చమ్మా. ఏడాది నిండకముందే రెండు మాత్రలూ ఒకేసారి ఆపడం ప్రమాదమే. స్టెంటులో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కానీ పోస్ట్‌మార్టం జరగలేదు, అప్పుడు పరీక్షించి చూసిన డాక్టరెవరూ లేరు. ఒక్కపూట మానకుండా వేసుకున్నవాళ్లలోనూ కొందరు అలాగే హఠాత్తుగా పోయారు. అంతకు మించి తెలుసంటే నేను అబద్ధమాడినట్టే."

"అవునో కాదో చెప్పలేరా?"

"చెప్పలేనమ్మా. ఇంకోమాట. ఆ పన్ను సంగతి మా చెవిన పడింది. మేము అడిగే ప్రశ్నల్లో అది ఉండాల్సింది. ఆ ప్రశ్నలు రాసింది నేను."

ఆవిడ తలాడించింది. లేచి, గుమ్మం దగ్గర ఆగి, "సంగతి తెలిశాక పక్కింటావిడ నీ తప్పేం లేదంటోంది. మీరూ అలాగే అంటారేమోనని భయపడ్డాను" అని వెళ్లిపోయింది. ఫోనక్క మెట్లదాకా వెంట వెళ్లింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

తర్వాత ప్రశ్నలు ఏడయ్యాయి. పన్ను పీకించుకోవాల్సి ఉందా, ఏదైనా ఆపరేషన్ ఉందా, ఉంటే మమ్మల్ని అడక్కుండా మాత్రలు ఆపకండి. కొత్తగా చేరినవాళ్లందరికీ ఫోనక్క ముందు అదే చెప్పేది. కింది అంతస్తు నర్సులు "గుండె ఆసుపత్రిలో పళ్ల డాక్టరు" అని ఎగతాళి చేసేవారు. ఆమె కాదనేది కాదు. ఆ కొట్టు వీధిలోకి మళ్లీ వెళ్లలేదు. తల్లీకూతుళ్లు కొన్నాళ్లు మాట్లాడుకోలేదనీ, తర్వాత ఇద్దరూ కలిసే కొట్టు నడుపుతున్నారనీ మిషన్ బాగుచేయించుకున్న ఒక ఆయా చెబితే వింది.

ఏడాది తిరిగాక పదేళ్ల ఫలితాలు కింద హాల్లో చూపించారు. ఫోనక్క చివరి వరసలో కూర్చుంది. తెర మీద రెండు గీతలు, ఎడమనుంచి కుడికి, కొద్దికొద్దిగా మెట్లుమెట్లుగా దిగుతున్నాయి. పై గీత దారి తెరుచుకున్నవాళ్లది, కింది గీత తెరుచుకోనివాళ్లది. గీత దిగిన చోటల్లా ఒక మనిషి పోయినట్టని పెద్ద డాక్టరు గారు వివరించాడు. దారి తెరుచుకున్నవాళ్లకు నొప్పి తగ్గిందనీ, మెట్లు బాగా ఎక్కుతున్నారనీ, చాలామంది పనుల్లోకి వెళ్లారనీ చెప్పాడు. ఎక్కువకాలం బతికారా అంటే, ఆ రెండు గీతల మధ్య ఎడం గట్టిగా చెప్పగలిగినంత లేదన్నాడు. ఎవరో ప్రశ్న అడిగారు. ఎవరో నవ్వారు.

ఫోనక్క గీతల చివర చూడటం లేదు. పై గీత మొదట్లో, ఏడాది గుర్తుకు కాస్త ముందు, గోరంత మెట్టు ఒకటుంది. చూపు నిలిపితేగానీ తెలియదు. కిందటేడు, ఎనభై ఏడో కాగితం సరిచేయకముందు వేసిన బొమ్మలో అది లేదు. అక్కడ గీత తిన్నగా ఉండేది.

చప్పట్లు కొట్టారు. పక్కనున్న డాక్టరమ్మ వంగి, "ఇదంతా మీ ఫోన్ల పుణ్యమే అక్కా" అంది.

"పదకొండు ఫోన్లు మిగిలాయమ్మా ఇవాళ్టికి" అని ఫోనక్క రెయిలింగు పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ, మెట్లెక్కి తన గదికి వెళ్లింది.